ముద్దుపేరుతో మిగిలిన ఆటగాడు



ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పత్రికల ఆటల పేజీలో ఒక పోటీ పేరు కనిపిస్తుంది. బుచ్చిబాబు టోర్నమెంటు. రంజీ ట్రోఫీ మొదలయ్యే ముందు జట్లు తమ బలాబలాలు చూసుకోవడానికి ఆడే క్రికెట్టు పోటీ అది. తమిళనాడులో జరుగుతుంది. ముంబాయి, ఢిల్లీ, హైదరాబాదు, మన కర్ణాటక జట్లు కూడా ఆడిన పోటీ. పేరు మాత్రం అచ్చంగా మన తెలుగింటి పెరట్లో అమ్మమ్మ పిలిచే పేరులా ఉంటుంది. రంజీ అనేది ఒక మహారాజు పేరు. దులీప్ అనేది ఆ రాజవంశపు పేరే. వాటి పక్కన బుచ్చిబాబు ఏమిటి అని మా బడిలో పిల్లలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

తెలుగు సాహిత్యం చదివినవారికి బుచ్చిబాబు అనగానే 'చివరకు మిగిలేది' నవల రాసిన రచయిత గుర్తుకొస్తారు. ఆయన అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. బుచ్చిబాబు అనేది కలం పేరు. ఇప్పటి కుర్రవాళ్ళకైతే 'ఉప్పెన' సినిమా దర్శకుడు గుర్తుకొస్తాడు. ఈ పోటీకి పేరిచ్చిన మనిషి వీళ్ళిద్దరికంటే ముందువాడు. 1868లో పుట్టాడు, 1908లో పోయాడు. పూర్తి పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. దక్షిణ భారత క్రికెట్టుకు పితామహుడని ఆటల చరిత్ర రాసినవాళ్ళు ఆయన్నే అంటారు.

వెంకట మహీపతి అంటే ఎంత బరువైన పేరో చూడండి. అందులో వెంకటేశ్వరుడున్నాడు, భూమినేలే రాజున్నాడు. ఆ బరువంతా పక్కకు పోయి ఇంట్లో పిలిచిన ముద్దుపేరు ఒక్కటే మిగిలింది. కప్పు మీద చెక్కిందీ, పత్రికల్లో అచ్చయ్యిందీ, చరిత్ర పుస్తకాలకెక్కిందీ ఆ ముద్దుపేరే.

బుచ్చి అంటే చిన్నది, ముద్దుగా ఉండేది. ఇంట్లో కడగొట్టు బిడ్డనో, గారాల బిడ్డనో అలా పిలుస్తారు. బుచ్చమ్మ, బుచ్చయ్య, బుచ్చిరాజు, బుచ్చిరెడ్డి అని మన పల్లెల్లో ఎన్ని పేర్లు లేవు! కన్నడంలో దీనికి సరిజోడు మాట పుట్ట. పుట్టప్ప, పుట్టరాజు, పుట్టమ్మ. కన్నడ జాతికి మహాకవి అయిన కువెంపు గారి అసలు పేరు కుప్పళ్ళి వెంకటప్ప పుట్టప్ప. కు అంటే కుప్పళ్ళి, ఆయన ఊరు. వెం అంటే వెంకటప్ప, తండ్రి. పు అంటే పుట్టప్ప, ఆయన. అంటే రామాయణ దర్శనం రాసి జ్ఞానపీఠం అందుకున్న మహాకవిని ఆయన తల్లిదండ్రులు బుచ్చయ్యా అని పిలిచినట్టే! రెండు భాషలూ తెలిసిన మన సరిహద్దు వాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. ఒక్క భాషే తెలిసినవాళ్ళకు విడమరిచి చెప్పాలి.

మాట వచ్చింది గనక ఇంకో రకం పేర్ల గురించి కూడా చెబుతాను. పెంటయ్య, పుల్లయ్య అనే పేర్లు మీరు వినే ఉంటారు. కన్నడం వైపు తిప్పన్న, తిప్పమ్మ. తిప్పె అన్నా పెంట అన్నా ఒకటే, పేడకుప్ప. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే చచ్చిపోతుంటే, ఆ తరువాత పుట్టిన బిడ్డను పెంట మీద పడుకోబెట్టి, ఎవరో పారేసుకున్న బిడ్డను తాము ఎత్తుకున్నట్టు నటించి ఇంటికి తెచ్చుకునేవారు. యముడి కళ్ళు కప్పాలని. ఆ బిడ్డకు ఆ పేరే పెట్టేవారు. మశూచి, కలరా ఇళ్ళు ఊడ్చేసిన కాలంలో పుట్టిన పేర్లవి. వాటిలో అందం లేదని ఇవాళ నవ్వేవాళ్ళున్నారు. ఆ పేరు పెట్టిన తల్లి అంతకుముందు ఎందరిని పోగొట్టుకుందో ఆ నవ్వేవాళ్ళు లెక్కపెట్టలేదు.

సరే, మన బుచ్చిబాబు దగ్గరకు వద్దాం. ఆయన పెరిగింది పేదరికంలో కాదు. మద్రాసులో పారీ కంపెనీ అని ఇప్పటికీ పేరు వినిపించే పెద్ద వ్యాపార సంస్థ ఉంది. 1788లో థామస్ పారీ అనే దొర మొదలుపెట్టాడు. మద్రాసు హైకోర్టు దగ్గర పారీస్ కార్నర్ అనే కూడలి ఆ పేరుతోనే ఉంది. బుచ్చిబాబు తల్లికి తండ్రి దేరా వెంకటస్వామి నాయుడు ఆ కంపెనీకి దుబాషీగా ఉండేవాడు. దుబాషీ అంటే ద్విభాషి. రెండు భాషల మనిషి. దొరకు దేశం సరుకు గురించి చెప్పడం, దేశం వర్తకుడికి దొర మాట చెప్పడం, మధ్యలో జామీను నిలబడడం, అవసరమైతే పెట్టుబడి కూడా సర్దడం దుబాషీ పని. చెన్నపట్నంలో ఈ పనిలో తెలుగువాళ్ళు చాలామంది ధనవంతులయ్యారు. రెండు భాషలు తెలిస్తే ఇంత లాభం ఉంటుందా అని మా ఉపాధ్యాయులు నవ్వుకోవచ్చు. మాకు ఒకటో తారీఖు జీతం తప్ప ఇంకోటి తెలియదు.

ఆ తాతగారే బుచ్చిబాబును దత్తు తీసుకున్నాడు. ఇంటిపేరూ ఆస్తీ అటు నుంచి వచ్చాయి. మైలాపూరులో లజ్ హౌస్ అనే పెద్ద భవంతిలో పెరిగాడు. డబ్బుకు కొదవ లేదు, తీరికకు కొదవ లేదు. అలాంటి ఇళ్ళ పిల్లలు ఆ రోజుల్లో రకరకాలుగా తయారయ్యారు. ఈయనకు క్రికెట్టు మీద మనసు పోయింది.

అప్పటికి మద్రాసులో క్రికెట్టు ఆట దొరల సొత్తు. 1846లోనే మద్రాసు క్రికెట్ క్లబ్బు పెట్టుకున్నారు. చేపాక్‌లో వాళ్ళకు మైదానం ఉంది, పెవిలియన్ ఉంది. పెవిలియన్ అంటే ఆటగాళ్ళు బట్టలు మార్చుకోవడానికి, నీడన కూర్చోవడానికి, భోజనం చేయడానికి కట్టుకున్న ఇల్లు. ఆ క్లబ్బు తెల్లవాళ్ళకే. మనవాళ్ళు ఆడవచ్చినా ఆ పెవిలియన్ మెట్లెక్కడానికి లేదు. బయట చెట్ల కింద బట్టలు మార్చుకోవాలి. చెట్ల కిందే అన్నం తినాలి. ఆట ఒకటే, బంతి ఒకటే, బంతి తగిలితే వచ్చే నొప్పీ ఒకటే. నీడ మాత్రం వేరు.

బుచ్చిబాబు అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు. చెట్టు కింద కూర్చుని మనసు సరిపెట్టుకోనూ లేదు. మనకు మనమే ఒక క్లబ్బు పెట్టుకుందాం అన్నాడు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బు పుట్టింది. ఎస్ప్లనేడ్ మైదానంలో ఆట. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్ళు. మా బడి నుంచి వెళ్ళి డిగ్రీ పూర్తిచేస్తున్న పిల్లల వయసు. కుర్రవాళ్ళను పోగుచేసి, ఆట నేర్పి, చేతి డబ్బు ఖర్చుపెట్టి జట్టు కట్టాడు. అక్కడ భారతీయులకు నీడ దొరికింది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి దొరికింది. దొరల జట్టును ఎదురుగా నిలబడి సమాన జట్టుగా ఆటకు పిలవగల స్థితి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పెవిలియన్ మెట్లు ఎక్కనివ్వనిది దొరలు మాత్రమే అనుకుంటే సగం కథే చెప్పినట్టు. మన ధారవాడలో పుట్టిన పాల్వంకర్ బాలూ అనే గొప్ప బౌలరు ఉండేవాడు. దళిత కుటుంబం. పుణేలో మొదట దొరల మైదానంలో పని చేస్తూ, దొరలకు బంతులు వేస్తూ ఆట నేర్చాడు. తరువాత హిందువుల జట్టుకు ఆడాడు. వికెట్లు ఆయన తీసేవాడు. జట్టువాళ్ళు లోపల కూర్చుని పింగాణీ కప్పుల్లో టీ తాగితే, ఆయనకు బయట మట్టి పిడతలో ఇచ్చేవారు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టులో ఆయనే పెద్ద బౌలరు, నూరుకు పైగా వికెట్లు తీశాడు. బుచ్చిబాబుకు ఆస్తి ఉంది గనక మైదానం చూసుకున్నాడు. బాలూకు చేతిలో బంతి తప్ప ఇంకేమీ లేదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ కాలం సరిగా కనిపిస్తుంది.

బుచ్చిబాబు మనసులో ఉన్న పెద్ద కోరిక ఒకటే. మద్రాసు భారతీయుల జట్టుకూ, మద్రాసు యూరోపియన్ల జట్టుకూ సరిసమానంగా ఒక పోటీ జరగాలి. ఎవరి దయా కాదు, ఎవరి వేడుకా కాదు. రెండు జట్లు, ఇద్దరు కెప్టెన్లు, ఒక ఫలితం. బొంబాయిలో పార్సీలు యూరోపియన్లతో ఇలాంటి పోటీలు అప్పటికే ఆడుతున్నారు. ఇరవై ఏళ్ళు క్లబ్బు నడిపాక మద్రాసులోనూ అది కుదిరింది. 1908 డిసెంబరులో ఆట అని తేదీ ఖాయమయ్యింది. దొరలు ఒప్పుకున్నారు. ఏర్పాట్లన్నీ ఆయనవే.

ఆట ఇంకా కొద్ది రోజులుందనగా బుచ్చిబాబు చనిపోయాడు. నలభై ఏళ్ళు.

ఏ పోటీ కోసం ఇరవై ఏళ్ళు కూడబెట్టాడో ఆ పోటీలో మొదటి బంతి పడడం ఆయన చూడలేదు. ఆట మాత్రం ఆగలేదు. జరిగింది. తరువాత కొన్నేళ్ళకు, 1916 ప్రాంతం నుంచి, అది ఏటా సంక్రాంతి రోజుల్లో జరిగే పోటీగా స్థిరపడింది. ప్రెసిడెన్సీ మ్యాచి అనేవారు. మద్రాసువాళ్ళు పొంగల్ మ్యాచి అన్నారు. సంక్రాంతికి మనకు కోడిపందాలు, ఎద్దుల పందాలు ఉన్నట్టు వాళ్ళకు అది పండుగలో భాగం అయిపోయింది. స్వరాజ్యం వచ్చాక కూడా కొన్నేళ్ళు, 1952 వరకు ఆడారు. దొరలు వెళ్ళిపోయాక ఆడడానికి ఎదుటి జట్టు ఏదీ!

ఆయన పోయిన ఏడాది తిరగగానే ఆయన పేరిట పోటీ మొదలయ్యింది. మొదట మద్రాసు స్థానిక జట్ల మధ్యే. 1960ల చివర్లో దేశంలోని జట్లన్నిటినీ పిలిచి పెద్దది చేశారు. అప్పటి నుంచి అఖిల భారత బుచ్చిబాబు టోర్నమెంటు. తరువాతి కాలంలో ఐపీఎల్ వచ్చి ఏడాదంతా ఆటలతో నిండిపోయాక దీనికి తీరిక లేకపోయింది. కొన్నేళ్ళు ఆగిపోయింది. 2023లో తమిళనాడు క్రికెట్ సంఘం మళ్ళీ మొదలుపెట్టింది. 2024లో దిండిగల్ దగ్గర నత్తంలో జరిగిన ఫైనల్లో హైదరాబాదు జట్టు ఛత్తీస్‌గఢ్‌ను ఓడించి కప్పు గెలిచింది. తెలుగువాడి పేరున్న కప్పు తెలుగు నగరానికి వచ్చిందని ఎవరైనా రాస్తారేమోనని ఆ రోజు పత్రికలు తిరగేశాను. నేను చూసిన పత్రికల్లో పరుగుల లెక్కే ఉంది.

ముద్దుపేరు ఆటగాడికి అతుక్కుపోవడం మన దగ్గర మాత్రమే జరిగిన వింత కాదు. అమెరికాలో బేస్‌బాల్ అని ఆట ఉంది. మన గోడుంబిళ్ళకూ క్రికెట్టుకూ మధ్యన ఉంటుందనుకోండి. గుండ్రటి కర్రతో బంతిని బాది, నాలుగు మూలలున్న గదుల చుట్టూ పరుగెత్తి రావాలి. ఆ ఆటకు తొలి రోజుల్లో మహావీరుడు బేబ్ రూత్. పుట్టింది 1895లో. అసలు పేరు జార్జ్ హెర్మన్ రూత్. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడిగా బాల్టిమోర్ జట్టులో చేరితే, జాక్ డన్ అనే యజమాని వెంట పసిపిల్లాడిలా తిరుగుతున్నాడని తోటి ఆటగాళ్ళు 'డన్ గారి పాపాయి' అని ఎగతాళి పట్టించారట. బేబ్ అంటే పాపాయి. ఆరడుగులు దాటిన ఆ మనిషి 714 సార్లు బంతిని మైదానం అవతలికి బాదాడు. అయినా పాపాయిగానే మిగిలిపోయాడు. అమెరికావాడి బేబూ మన బుచ్చీ ఒకే మాట. తేడా ఒకటుంది. అతనికి ఆ పేరు తోటివాళ్ళు ఎగతాళిగా పెట్టారు. మనవాడికి పేరొచ్చింది ఇంట్లోంచి.

బుచ్చిబాబు కొడుకులూ ఆటగాళ్ళే అయ్యారు. వెంకటరామానుజులు, బాలయ్య, రామస్వామి. ఇందులో చిన్నవాడు రామస్వామి కథ మరీ విచిత్రం. ఇతనూ తండ్రిలాగే తల్లి తరఫువారింటికి దత్తు వెళ్ళాడు. అందువల్ల మోతవరపు ఇంటిపేరు పోయి కోటా ఇంటిపేరు వచ్చింది. కోటా రామస్వామి. ఇంటిపేరు ముందు రాయడం తెలుగువాళ్ళ పద్ధతి గదా. ఇంగ్లీషువాళ్ళకు అది తల్లిదండ్రులు పెట్టిన పేరులా కనిపించింది. వాళ్ళ పుస్తకాల్లో కోటా అనేది ఆయన సొంత పేరు, రామస్వామి ఇంటిపేరు! తండ్రీ కొడుకులని పేర్లు చూసి ఎవరూ పోల్చుకోలేరు.

తండ్రి చనిపోయేనాటికి రామస్వామికి పన్నెండేళ్ళు. పెద్దయ్యాక ఇంగ్లండులో కేంబ్రిడ్జికి వెళ్ళి చదువుకున్నాడు. అక్కడ టెన్నిసు బాగా పట్టుబడింది. 1922లో డేవిస్ కప్పు పోటీలో భారతదేశం తరఫున రుమేనియా మీద ఆడాడు. ఆ తరువాత పద్నాలుగేళ్ళకు, 1936లో, క్రికెట్టు జట్టుతో ఇంగ్లండు వెళ్ళాడు. జూలై 25న మాంచెస్టరులో మొదటి టెస్టు ఆడేనాటికి ఆయన వయసు నలభై దాటింది. అంటే తండ్రి లోకం విడిచిన వయసులో కొడుకు టెస్టు క్రికెట్టులో అడుగుపెట్టాడు. ఎడమచేతివాటం. మొదటి ఇన్నింగ్సులో 40, రెండో దానిలో 60. తరువాత ఓవల్లో 29, ఆ పైన అవుట్ కాకుండా 41. అంతే. రెండే టెస్టులు. మొత్తం 170 పరుగులు, సగటు యాభై ఆరు పైచిలుకు. ఇన్ని తక్కువ ఆటల్లో అంత సగటుతో ఆగిపోయినవాళ్ళను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఓ పదేళ్ళ ముందే మనకు టెస్టు హోదా వచ్చి ఉంటే అనిపిస్తుంది. మొదటి టెస్టు 1932లో గాని రాలేదు.

ఆ 1936 మాంచెస్టరు జట్టు పేర్ల పట్టీ చూడండి. అందులోని ముగ్గురు తెలుగువాళ్ళను తీసుకోండి. ముగ్గురి పేర్లూ మూడు రకాలుగా చెదిరిపోయాయి. కెప్టెన్ విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు. ఇంగ్లీషువాళ్ళ నోట విజ్జీ అయ్యాడు. ఆటకంటే దర్జాకు కెప్టెన్ అయ్యాడని ఆయన మీద విమర్శ ఉంది, అది అన్యాయమైన విమర్శ కాదు. ఆ పర్యటనలో మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు. రెండోవాడు సి.కె. నాయుడు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టాడు. భారతదేశపు మొట్టమొదటి టెస్టు కెప్టెన్. సి అంటే కొట్టారి, ఇంటిపేరు. కె అంటే కనకయ్య. అసలు పేరు కనకయ్య రెండో పొడి అక్షరంగా దాక్కుంది, చివరనున్న నాయుడు ప్రపంచానికి పేరయ్యింది. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసినప్పుడు జనం చెట్ల మీద, మేడల మీద ఎక్కి చూశారంటారు. వాళ్ళల్లో కనకయ్య అని కేక వేసినవాడు ఒక్కడూ ఉండి ఉండడు. మూడోవాడు మన బుచ్చిబాబు కొడుకు కోటా రామస్వామి.

రామస్వామి తరువాత సెలెక్టరుగా పనిచేశాడు. 1953లో వెస్టిండీసులో ఆడిన జట్టుకు మేనేజరుగా వెళ్ళాడు. 1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, మద్రాసులో ఇంటి నుంచి బయటికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు. ఆటగాళ్ళ జనన మరణాల తేదీలు వేసే క్రికెట్టు పుస్తకాలు ఆయన పేరు ఎదురుగా 'మరణించినట్టు భావిస్తున్నారు' అని రాయవలసి వచ్చింది. తండ్రి పేరు మీద ఏటా పోటీ జరుగుతోంది. కొడుక్కు చనిపోయిన తేదీ కూడా లేదు.

పేర్లు మాయమవడం, మళ్ళీ దొరకడం అనగానే మన లింగసుగూరు వాళ్ళకు గుర్తు రావలసిన రాయి ఒకటుంది. మస్కి. మొన్నమొన్నటిదాకా మన తాలూకాలోదే, ఇప్పుడు వేరే తాలూకా అయ్యింది. దేశమంతటా రాళ్ళ మీద, స్తంభాల మీద 'దేవానాంప్రియ ప్రియదర్శి' అనే రాజు శాసనాలున్నాయి. 1837లో ప్రిన్సెప్ దొర ఆ లిపి చదివాడు. ఆ రాజు అశోకుడే అని సింహళ గ్రంథాల ఆధారంతో పండితులు అనుకున్నారు. కాని రాయి మీద అశోకుడనే పేరు ఎవరూ చూడలేదు. బిరుదులే. 1915లో బంగారు గనుల పని మీద తిరుగుతున్న బీడన్ అనే ఇంజనీరు మస్కిలో ఒక శాసనం కనుగొన్నాడు. అందులో ఉంది అశోకుడనే పేరు. చక్రవర్తిని బిరుదులు కప్పేస్తే, మన గుట్ట సొంత పేరు దాచిపెట్టింది. చెన్నపట్నంలో జరిగింది దీనికి తిరగబడ్డ కథ. అక్కడ మహీపతి అనే రాజసం పోయి ఇంటి పేరులాంటి పిలుపు రాయిలా నిలిచింది.

ఇదంతా బడిలో చెప్పడానికి ఒక కారణం ఉంది. మా ప్రాంతంలో తెలుగు పిల్లల పేర్లు దాఖలాతి రిజిస్టరులోకి ఎక్కడమే ఒక ప్రయాణం. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో స్థిరపడినవాళ్ళ పిల్లలు కొందరు, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు ఇళ్ళ పిల్లలు కొందరు. ఇంట్లో ఇంటిపేరు ముందు. కన్నడ పద్ధతిలో ఊరి పేరో తండ్రి పేరో పొడి అక్షరంగా వస్తుంది, మనె హెసరు అనేది కొందరికే ఉంటుంది. ఆధార్ కార్డులో ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో రూపం. ఒకే పిల్లవాడు మూడు కాగితాల్లో ముగ్గురు పిల్లలవుతాడు. ఎస్.ఎస్.ఎల్.సి. దరఖాస్తు నాడు ఆ ముగ్గురినీ ఒక్కడిగా చేసే పని మాది. ఒక్క అక్షరం తేడా వచ్చినా రేపు ఉద్యోగం దగ్గరో పాస్‌పోర్టు దగ్గరో వాడు తానే తాను అని రుజువు చేసుకోవాలి.

ఆ తేడాలు సరిదిద్దే రోజుల్లోనే కొందరు తల్లిదండ్రులు పేరే మార్చమని వస్తారు. పెంటయ్యలు, తిప్పన్నలు, బుచ్చయ్యలు రిజిస్టరులోంచి ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ స్థానంలో అన్ని ఊళ్ళకూ ఒకేలాంటి రెండక్షరాల పేర్లు వస్తున్నాయి. నేను వద్దనను. తరగతిలో నలభైమంది నవ్వుతుంటే పదిహేనేళ్ళ పిల్లవాడు తాతల నాటి ప్రేమను మోయాలని శాసించే హక్కు ఉపాధ్యాయుడికి లేదు. పద్ధతి ఏమిటో చెబుతాను. అఫిడవిట్ ఎక్కడ చేయించాలో, ఏ తేదీలోగా ఇవ్వాలో చెబుతాను. ఆ పేరు ఎందుకు పెట్టారో ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి అడిగి రమ్మని కూడా చెబుతాను. అడగడానికి ఖర్చు లేదు.

కొంతకాలం కిందట ఒక తండ్రి వచ్చాడు. కొడుకు పేరులో బుచ్చి ఉంది. పిల్లవాడు బడికి రానంటున్నాడట. తోటివాళ్ళు కన్నడంలో ఏదేదో ప్రాస కట్టి పిలుస్తున్నారట. పిల్లవాడు గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు, లోపలికి రాలేదు. వాడు క్రికెట్టు బాగా ఆడతాడని నాకు తెలుసు. సాయంత్రం మైదానంలో వాడి బౌలింగుకు పెద్ద తరగతి వాళ్ళు కూడా తడబడతారు. తండ్రికి కుర్చీ వేసి, మీకు ఇప్పుడు చెప్పినదే కొంచెం పొట్టిగా చెప్పాను. చెట్ల కింద అన్నం, ఇరవై ఏళ్ళ కుర్రవాడు పెట్టిన క్లబ్బు, ఆట ముందు చావు, ఆ పేరున్న కప్పు. గుమ్మం దగ్గర కదలిక వినిపించింది.

తండ్రి కాసేపు కాగితాలు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "ఇది మా నాయన పెట్టిన పేరు సార్. వాడికి ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు" అన్నాడు. నేనేమీ అనలేదు. పేరు మార్పు దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు, నా చేతికీ ఇవ్వలేదు. గడువు ఇంకా వారం ఉంది.

లేచి వెళుతుంటే పిల్లవాడు లోపలికొచ్చి ఒకటే అడిగాడు. ఆ కప్పు మీద పేరు తమిళంలో రాసి ఉంటుందా, ఇంగ్లీషులోనా అని. ఇంగ్లీషులోనే ఉంటుందేమో అన్నాను. ఒత్తు ఉంటుందా సార్ అన్నాడు. ఇంగ్లీషులో సరిగా పడదు, మనం పలికేటప్పుడు వేసుకోవాలి అని, నల్లబల్ల మీద తెలుగులోనూ కన్నడంలోనూ రాసి చూపించాను. రెండు చోట్లా చ కింద చ వత్తు ఉంది.